సాన చక్రం వెంట... తిరుపతి నుంచి చిత్తూరు దాకా

"కత్తులు సానబట్టాల్నా... కత్తెర్లు సానబట్టాల్నా..."

తిరుపతి పాత వీధుల్లో ఈ కేక ఇంకా అప్పుడప్పుడూ వినిపిస్తుంది. సైకిల్‌కి స్టాండు వేసి, వెనక చక్రం గాల్లోకి లేపి, సీటు మీద కూర్చుని పెడల్ తొక్కుతుంటే హ్యాండిల్ దగ్గర బిగించిన సాన రాయి గిర్రున తిరుగుతుంది. కత్తి ఆనించగానే నిప్పురవ్వలు. చుట్టూ పిల్లలు. రెండు మూడు నిమిషాల్లో వంటింటి కత్తి మళ్లీ కొత్తదైపోతుంది.

ఇప్పుడు ఆ కేక తగ్గిపోతోంది. దాని బదులు ఫోన్‌లో రీల్స్ వస్తున్నాయి. చేతిలో యాంగిల్ గ్రైండర్, దానికి గార్డు ఉండదు, కళ్లకి అద్దాలు ఉండవు, పది సెకన్లలో మొద్దుకత్తి తళతళ! రెండు మూడు వేలు పెడితే అదే మెషిన్ మర్నాటికి మన గుమ్మంలో ఉంటుంది.

మెషిన్ కొనడం తప్పేం కాదు. కానీ కాలితో తొక్కే సానకీ, కరెంటుతో తిరిగే సానకీ మధ్య పెద్ద తేడా ఒకటుంది. అది తెలియకుండా స్విచ్ వేయకూడదు. ఆ తేడా ఏంటో తెలుసుకోవడానికి మన రెండు జిల్లాల్లోనే ఒక చిన్న ట్రిప్పు వేద్దాం. తిరుమల, రేణిగుంట, మాధవమాల, దామలచెరువు, చిత్తూరు. శని, ఆదివారాల్లో బండి మీద తిరిగేంత దూరమే. పదును గురించి ఒక్కో ఊరు ఒక్కో పాఠం చెబుతుంది.

కొండ మీద: మొద్దుకత్తే అసలు ప్రమాదం

ముందు కొండెక్కుదాం. తిరుమల కళ్యాణకట్టలో పగలూ రాత్రీ తలనీలాలు తీస్తూనే ఉంటారు. రోజూ వేల తలలు. నీళ్లతో తల తడపడం, బ్లేడు ఆనించడం, నాలుగు నిమిషాల్లో గుండు. ఒకప్పుడు ఎక్కడైనా ఈ పనికి మంగలికత్తే. దాన్ని రాయి మీద నూరి, తోలు పట్టీ మీద అటూ ఇటూ లాగి పదును నిలబెట్టుకునేవాళ్లు. ఇప్పుడు వాడి పారేసే బ్లేడు వచ్చింది. నూరే పని పోయింది.

ఇక్కడ కాసేపు నిలబడి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. నిజంగా పదునున్న దానికి బలం అక్కర్లేదు. చెయ్యి తేలిగ్గా జారుతుంది, వెంట్రుక తెగుతుంది, చర్మం తెగదు. మన వంటింట్లో జరిగేది దీనికి రివర్స్. కత్తి మొద్దుబారితే మనం బలంగా నొక్కుతాం. నొక్కిన కత్తి ఉల్లిపాయ మీద జారి వేలి మీదకొస్తుంది. అందుకే "పదును కత్తి ఇంట్లో ఎందుకు, పిల్లలున్నారు" అనే మాట సగమే నిజం. కత్తి పిల్లలకి అందకుండా పెట్టాలి, నిజమే. కానీ అది పదునుగానే ఉండాలి.

మరి ఆ పదును తెచ్చే రాయి ఎక్కడిది? దానికి కొండ దిగి పది కిలోమీటర్లు వెళ్లాలి.

రేణిగుంట: చక్రం అంటే కాల్చిన కుండ

రేణిగుంట అనగానే మనకి రైల్వే జంక్షన్, ఎయిర్‌పోర్టు గుర్తొస్తాయి. అదే రేణిగుంట పారిశ్రామికవాడలో గ్రైండ్‌వెల్ నార్టన్ కంపెనీకి ప్లాంటు ఉంది. ఈ ప్లాంటుకీ సిలికాన్ కార్బైడ్ అనే పదార్థానికీ సంబంధం ఉంది. పేరు సైన్సు పుస్తకంలా ఉన్నా, పని మాత్రం సాన పనే. ఇనుముని అరగదీసే గింజల్లో ఇదొక ముఖ్యమైన రకం.

దీన్ని 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కనిపెట్టాడు. ఇసుకనీ, బొగ్గు జాతి కార్బన్‌నీ కలిపి, మధ్యలోంచి భారీగా కరెంటు పంపి, 2000 డిగ్రీలు దాటేదాకా కాలిస్తే మెరిసే స్ఫటికాలు వస్తాయి. గట్టిదనంలో వజ్రానికి కాస్త కింద. ఇలాంటి గింజల్నే పొడి చేసి, జల్లించి, బంకమట్టి లాంటి దానితో కలిపి, అచ్చులో నొక్కి, బట్టీలో కాలిస్తే సాన చక్రం తయారవుతుంది. మనకి దగ్గర్లోనే, చెన్నై తిరువొత్తియూరులో కార్బొరండమ్ యూనివర్సల్ కంపెనీ 1954 నుంచి ఈ వ్యాపారంలో ఉంది.

చక్రాల్లో రంగులెందుకో తెలుసుకోండి. బూడిద రంగు, తెలుపు చక్రాలు సాధారణంగా అల్యూమినియం ఆక్సైడ్. ఉక్కు కత్తులకి అవే. ఆకుపచ్చది సిలికాన్ కార్బైడ్. అది కార్బైడ్ మొనలున్న డ్రిల్ బిట్ల లాంటి మరీ గట్టి సరుకుకి. ఇంటి కత్తికి ఆకుపచ్చ చక్రం అక్కర్లేదు.

రేణిగుంట పాఠం ఇది: సాన చక్రం చూడ్డానికి ఇనుప ముద్దలా ఉంటుంది కానీ, లోపల అది కాల్చిన కుండ. కింద పడితే పగులుతుంది. ఆ పగులు కంటికి కనపడకపోవచ్చు. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు ఏం చేసేవాళ్లు? వేలి కణుపుతో కొట్టి వినేవాళ్లు. ఖంగుమంటే మంచిది, బద్దగా మోగితే పగిలింది. సాన చక్రానికీ అదే పరీక్ష. చక్రాన్ని మధ్య చిల్లులోంచి వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో మెల్లగా కొట్టాలి. గంటలా మోగితే బిగించండి. దబ్‌మని చప్పుడైతే పారేయండి. "నూట యాభై పెట్టి కొన్నాం కదా" అనుకోవద్దు. తిరుగుతూ పగిలిన చక్రం ముక్కలు ఎటు వస్తాయో ఎవరూ చెప్పలేరు.

మాధవమాల: కోణం దొరికితే సగం పని అయినట్టే

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి దారి పట్టి, ఏర్పేడు మండలంలోకి వెళ్తే మాధవమాల. కొయ్యబొమ్మల ఊరు. దేవుడి విగ్రహాలు చెక్కతో చెక్కడం ఇక్కడ తరాల నుంచి వస్తున్న పని. వేంకటేశ్వరుడి కిరీటంలో రాళ్లు, పద్మావతి అమ్మవారి చీర మడతలు, అన్నీ ఉలి పనే.

చెక్క మీద పని చేసేవాళ్లకి పదును ఒక్కసారి పెట్టుకుని మర్చిపోయేది కాదు. ఉలి కొంచెం మొద్దుబారినా చెక్క తెగదు, పీచు లేస్తుంది. దేవుడి ముక్కు దగ్గర పీచు లేస్తే మళ్లీ అతికేది ఉండదు. అందుకే పని మధ్యలోనే ఉలిని రాయి మీద నాలుగు సార్లు రుద్ది మళ్లీ మొదలుపెడతారు. చక్రం అవసరం ఎప్పుడు? అంచు విరిగినప్పుడు, ఆకారం పోయినప్పుడు. అంటే చక్రం ఆకారానికి, రాయి పదునుకి. ఈ ఒక్క మాట గుర్తుంటే ఇంట్లో సగం కత్తులు బతికిపోతాయి. రీల్స్ చూసి వారం వారం గ్రైండర్ పెడితే కత్తి ఏడాదిలో చాకులా సన్నబడిపోతుంది.

రెండో సంగతి కోణం. ఒక్కో పక్క ఎంత వాలుగా నూరాలి? కూరగాయల కత్తికి 15 నుంచి 20 డిగ్రీలు. ఎముకలు కొట్టే కత్తికి, మచ్చుకత్తికి 25 నుంచి 30. కోణమానిని లేదా? ఒక కాగితం మూల తీసుకోండి. అది 90 డిగ్రీలు. సగానికి మడిస్తే 45. మళ్లీ సగానికి మడిస్తే ఇరవై రెండున్నర. ఆ మడతని రాయి పక్కన నిలబెట్టి, దాని వాలుకి కత్తిని కాస్త తగ్గించి పట్టుకుంటే చాలు. చెయ్యి ఆ వాలుని నాలుగు రోజుల్లో నేర్చుకుంటుంది.

దామలచెరువు: వేడి తగిలితే కత్తి చచ్చిపోతుంది

ఇప్పుడు వెనక్కి తిరిగి చంద్రగిరి కోట దాటి పాకాల మండలం వైపు పోదాం. దామలచెరువు మామిడి మార్కెట్టు పేరు మన దగ్గర తెలియనివాళ్లు తక్కువ. సీజన్లో ట్రాక్టర్ల వరస, గుట్టలుగా పోసిన కాయలు, గాలంతా తీపి పులుపు వాసన. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకి వెళ్లే తోతాపురి కాయ ఈ నేలకి పేరు తెచ్చింది.

మామిడి ఉన్న చోట కత్తి ఉంటుంది. ఊరగాయ ముక్కలు కొట్టే కత్తి, కూర తరిగే కత్తిపీట, కొమ్మలు నరికే మచ్చుకత్తి, టెంకాయలు కొట్టే ఇంకో కత్తి. పల్లెల్లో వీటిలో చాలావరకు కమ్మరి చేసినవే. స్టెయిన్‌లెస్ కాదు, నల్ల ఉక్కు. మామిడి పులుపు తగిలితే నల్లబడతాయి, వెంటనే కడిగి తుడవకపోతే తుప్పు పడతాయి. కానీ పదును మాత్రం ఇట్టే ఎక్కుతుంది.

కమ్మరి కొలిమిలో ఏం చేస్తాడు? ఇనుముని ఎర్రగా కాల్చి సాగగొట్టి, చివర్లో మళ్లీ కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచుతాడు. దాంతో అంచు గట్టిపడుతుంది. మరీ పెళుసుగా ఉండకుండా తర్వాత కొంచెం వేడి చూపిస్తాడు. ఆ కొంచెం ఎంత అనేదే అతని విద్య. సుమారు 200 డిగ్రీలు దాటుతూ పోతే ఉక్కు మీద గడ్డి రంగు వస్తుంది, తర్వాత ఊదా, 300 దగ్గర నీలం. నీలం వచ్చిందంటే అక్కడ గట్టిదనం తగ్గిందని అర్థం.

వేగంగా తిరిగే పొడి చక్రం మీద సన్నటి అంచు ఆ నీలం రంగుకి రావడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. కమ్మరి రోజంతా చేసిన పనిని మనం రెండు సెకన్లలో చెరిపేస్తాం. పైకి కత్తి తళతళలాడుతుంది. నాలుగు రోజులకే మళ్లీ మొద్దు. "ఈ కత్తిలో సరుకు లేదు" అని కత్తిని తిడతాం.

దీనికి మందు నీళ్లే. పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని ప్రతిసారీ ముంచాలి. కత్తి మీద నీటి పొర తడిగా ఉన్నంతసేపే చక్రానికి ఆనించాలి. అంచు దగ్గర తడి ఆరిపోతోందంటే ఆపేసి మళ్లీ ముంచాలి. వేళ్లకి వేడి తెలిసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మనం పట్టుకునే చోటి కంటే అంచు చాలా ముందే కాలుతుంది.

చిత్తూరు: బస్సు, వందేభారత్, అలిపిరి నడక

ట్రిప్పులో చివరి ఊరు చిత్తూరు. మెషిన్లు కొనేది ఇలాంటి టౌన్ల హార్డ్‌వేర్ షాపుల్లోనో, ఫోన్‌లోనో. "వాట్స్ ఎంత, వారంటీ ఎంత" అని అడుగుతాం. అసలు అడగాల్సింది: చక్రం అంచు ఎంత స్పీడులో పోతుంది?

మామూలు బెంచ్ గ్రైండర్. చక్రం 150 మిల్లీమీటర్లు, నిమిషానికి సుమారు 2850 చుట్లు. లెక్క వేస్తే అంచు వేగం గంటకి 80 కిలోమీటర్లు. అంటే తిరుపతి నుంచి చిత్తూరు హైవే మీద ఖాళీగా దొరికిన బస్సు స్పీడు.

నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్. నిమిషానికి దాదాపు 11,000 చుట్లు. అంచు వేగం గంటకి 200 కిలోమీటర్లకి పైనే. వందేభారత్ రైలు డిజైన్ స్పీడే 180. అంటే వందేభారత్‌ని మించిన స్పీడుని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కూరగాయల కత్తి ఆనిస్తున్నాం. రీల్‌లో ఈ సంగతి కనపడదు.

ఇక నీళ్లలో మెల్లగా తిరిగే సాన మెషిన్లు. స్వీడన్‌లో 1973లో మొదలైన టార్మెక్ లాంటి కంపెనీలు వీటికి పేరు తెచ్చాయి. పది అంగుళాల చక్రం, నిమిషానికి 90 చుట్లు, కింద నీళ్ల తొట్టి. అంచు వేగం గంటకి నాలుగు కిలోమీటర్ల చిల్లర. అలిపిరి మెట్ల దారిలో ఏ తొందరా లేకుండా నడిచే భక్తుడి స్పీడు! రవ్వలు రావు, కత్తి కాలదు. ఇవి ఖరీదెక్కువే. కానీ దీన్నుంచి నేర్చుకోవాల్సింది ధర కాదు, స్పీడు.

సైకిలు సానలో ఉన్న గొప్పతనం ఇప్పుడు తెలుస్తుంది. దాని సేఫ్టీ స్విచ్ తొక్కేవాడి కాలే. కత్తి ఎక్కడైనా పట్టేసిందా, కాలు ఆగుతుంది, చక్రమూ ఆగుతుంది. మోటారుకి కాలు లేదు. కత్తి పట్టేసినా అది తిరుగుతూనే ఉంటుంది. స్విచ్ ఆపినా కొన్ని సెకన్లు తిరుగుతుంది. కాబట్టి ఆ కాలు చేసే పని మనం ముందే చేసిపెట్టుకోవాలి. ఎలాగో చూద్దాం.

ఇంట్లో స్విచ్ వేసే ముందు

ఏ కత్తికి ఏ మెషిన్: మచ్చుకత్తి, గొడ్డలి, పార, ఉలి లాంటి మందమైనవాటికి బెంచ్ గ్రైండర్ సరిపోతుంది. సన్నటి వంటింటి కత్తికి చేతి రాయి, లేదా నీళ్లలో మెల్లగా తిరిగే చక్రం. యాంగిల్ గ్రైండర్ వంటింటి కత్తి కోసం పుట్టింది కాదు. దాన్ని తలకిందులుగా వైస్‌లో బిగించి వాడటం మరీ ప్రమాదం. పళ్లున్న కొడవలిని చక్రం మీద పెట్టొద్దు, దానికి ఆకురాయి ఉంది.

చక్రం మీద రాసింది చదవండి: చక్రం మీద రాసిన గరిష్ట చుట్లు, మెషిన్ చుట్ల కంటే ఎక్కువ ఉండాలి. చక్రం పక్కనున్న గుండ్రటి కాగితం లేబుల్ పీకేయొద్దు. అది బిగింపుకి మెత్తలాంటిది. చిల్లు సరిపోకపోతే బలవంతంగా దూర్చొద్దు.

సందు చూసుకోండి: బెంచ్ గ్రైండర్‌కి ముందుండే ఆనింపు ప్లేటుకీ చక్రానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. చక్రం అరిగేకొద్దీ ప్లేటు దగ్గరికి జరపాలి. సందు పెద్దదైతే కత్తి మొన అందులోకి దూరి, చెయ్యి కూడా దాని వెంటే పోతుంది. సందు సరిచేసేది మెషిన్ పూర్తిగా ఆగాకే.

పక్కన నిలబడండి: కొత్త చక్రం బిగించాక ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. ఆ నిమిషం చక్రానికి ఎదురుగా కాదు, పక్కకి నిలబడండి. పగిలేది ఉంటే సాధారణంగా మొదట్లోనే పగులుతుంది.

కళ్లు ముందు, కత్తి తర్వాత: పవర్ అద్దాలు సేఫ్టీ అద్దాలు కావు. పక్కలు కూడా మూసే గాగుల్స్ కొనండి. కంట్లో ఇనుప రవ్వ పడితే నలపొద్దు, బట్ట కొనతో తియ్యొద్దు. అది గుచ్చుకుని తుప్పు పడుతుంది. నేరుగా కంటి డాక్టరు దగ్గరికే. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి, రుయా ఉన్నాయి. మాస్కు కూడా మర్చిపోవద్దు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఫోర్కులు నూరిన కార్మికులు ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే పోయారు.

ఒంటి మీద ఏముంది: చున్నీ, లుంగీ కొంగు, విరబోసుకున్న జుట్టు, గాజులు, మెడలో వేలాడే ఇయర్‌ఫోన్ వైరు, ఏదీ వద్దు. గుడ్డ గ్లౌజులు కూడా వద్దు. చక్రం దారప్పోగుని పట్టిందంటే వేలిని వదలదు.

చోటు: వంటింట్లో వద్దు. గ్యాస్ సిలిండర్, బండి పెట్రోలు ట్యాంకు, ఎండుగడ్డి దగ్గర రవ్వలు పడకూడదు. నీళ్ల గిన్నె పక్కనే ఉండాలి కానీ, స్విచ్ బోర్డుకి దూరంగా ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దు. చిన్నపిల్లలు అటు రాకూడదు.

మెత్తటి చక్రాలకి వేరే రూలు: తోలు, గుడ్డ, ఫెల్ట్, అట్ట చక్రాల మీద అంచు ఎప్పుడూ చక్రం తిరిగే దిశలోనే చూడాలి, దానికి ఎదురు వెళ్లకూడదు. ఎదురు పెడితే అంచు మెత్తటి చక్రంలో దిగి, కత్తి మన మీదకే ఎగురుతుంది. అందుకే అట్ట చక్రాలు వాడేవాళ్లు, చక్రం పైభాగం తమ నుంచి అవతలికి తిరిగేలా మెషిన్‌ని తిప్పి పెట్టుకుంటారు.

చివరి నాలుగు రుద్దులు చేత్తోనే: చక్రం మీద నూరాక అంచుకి సన్నటి గరుకు పొర వేలాడుతుంది. అదే పదునని మోసపోతాం. దాన్ని సన్నరాయి మీద మెల్లగా తీసేయాలి. రాయి లేకపోతే ఊరగాయ జాడీ బోర్లించండి. అడుగున మెరుగు లేని గరుకు అంచు ఉంటుంది కదా, దాని మీద నాలుగు సార్లు రుద్దితే చాలు. పదును చూడ్డానికి బొటనవేలు పెట్టొద్దు. మదనపల్లె టమోటా ఒకటి తీసుకోండి. నొక్కకుండానే తొక్కలోకి దిగితే పని అయినట్టే.

ఇదంతా ఇంట్లో కుదరదనుకుంటే? వీధిలోకొచ్చే సాన సైకిలాయన్ని పిలవండి. ఆయనకి ఇచ్చే డబ్బులు కత్తికి మాత్రమే కాదు, అన్నేళ్ల చేతి అనుభవానికి కూడా.

మన వైపు ఆయుధ పూజ గట్టిగానే చేస్తాం. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక ఆనుకుని ఉన్న జిల్లాలాయె. మహానవమి రోజు బండికి దండ, టైర్ల కింద నిమ్మకాయలు, కత్తులకీ కొడవళ్లకీ పసుపు కుంకుమ. ఈసారి గ్రైండర్‌కి బొట్టు పెట్టే ముందు ఇంకో పని చేయండి. ప్లగ్గు తీసి, చక్రం విప్పి, వేలికి తగిలించి మెల్లగా కొట్టండి. అది గంటలా మోగితేనే మళ్లీ బిగించండి.